చిత్రిక నోట్లో ఎర్ర పొర

చిరంజీవి తమ్ముడికి అక్క రాయునది.

ఇక్కడ అమ్మ క్షేమం, నేను క్షేమం, మన వడ్రంగి కొట్టు క్షేమం. నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నానని రాశావు. నీ ఉత్తరంలో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తర్వాత మాట్లాడుకుందాం గానీ, ఆ ఒక్క మాట మాత్రం నమ్ముతున్నాను. నువ్వు క్షేమంగా ఉండాలి కూడా. నేను తిట్టాలంటే అవతల తినడానికి ఓపిక ఉన్న మనిషి ఉండాలి కదా.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేనెంత మురిసిపోయానో ముందు చెప్పనీ. చేతిలో ఫోను పెట్టుకుని కాగితం మీద రాసి పంపే తమ్ముడు ఈ రోజుల్లో ఎవరికుంటాడని పక్కింట్లో బట్టలు కుట్టే పిన్నికి చదివి వినిపించాను. ఎదురు షెడ్డులో కత్తులకు పదును పెట్టే సాన బాబాయికీ వినిపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "వాడికి నువ్వంటే ప్రాణమే అమ్మాయ్" అన్నాడు. ఫోన్ చేస్తే నా గొంతు వినాల్సి వస్తుందని ఉత్తరం రాశావని ఇప్పుడు తెలిసింది. సరే, నేనూ ఉత్తరమే రాస్తున్నాను. నా కారణం వేరు. ఫోన్లో అయితే మధ్యలో నువ్వు "అక్కా" అంటావు, నేను అక్కడికక్కడే కరిగిపోతాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు.

అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయన్నావు. మెట్లు దిగేటప్పుడు పట్టేస్తున్నాయట. ఎక్కేటప్పుడు నన్ను తిడుతూ ఎక్కుతుంది కాబట్టి నొప్పి తెలియదు. డాక్టరమ్మ బల్ల అయిందా అన్నావు. కాలేదు. నాలుగు టేకు పలకల అంచులు కలిపి, ఒకే పలక అనిపించేలా అతకాలి. కాళ్లు, కింది చట్రం, అన్నీ సిద్ధం. ఆ అంచుల దగ్గరే ఆగిపోయాను. పొడుగు పలక అంచును నున్నగా, తిన్నగా చేద్దామని మన పొట్టి చెక్క చిత్రికతో ఎంత లాగినా, రెండు పలకలూ కలిపి వెలుతురుకు పెడితే మధ్యలో వెంట్రుకవాసి సందు కనిపిస్తూనే ఉంది. డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లింది. తిట్టి పోయినా బాగుండేది.

ఇక మూడో ప్రశ్న. "కొత్త చిత్రిక ఎలా నడుస్తోంది అక్కా?" అని రాశావు.

దీని జవాబు పొడుగ్గా ఉంటుంది. ఎక్కడున్నా కూర్చుని చదువు.

ఆ పొడుగాటి ఇనుప చిత్రిక బొమ్మ మన కొట్లో కిటికీ పక్కన ఎన్నాళ్లుగా ఉందో నీకు తెలుసు. నాన్న చనిపోయిన ఏడాది ఏదో కంపెనీ పుస్తకంలోంచి నువ్వే కత్తిరించి అంటించావు. "అక్కా, మనం ఎప్పటికైనా ఇది కొనాలి" అన్నావు. బొమ్మ వెలిసిపోయి, పిడి ఏదో నీడ ఏదో తెలియకుండా పోయింది. మన ఊళ్లో ఏ కొట్టువాడూ అమ్మడు, తపాలాలో తెప్పించుకోవాల్సిందే. చివరికి తెప్పించాను. పార్సిల్ వచ్చిన రోజు నేను డాక్టరమ్మ ఇంట్లో కొలతలు తీస్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి పెట్టె నా బల్ల మీద ఉంది. నువ్వు భుజాన సంచితో గుమ్మంలో ఉన్నావు, రెండు నెలల తలుపుల పని దొరికిందని, బస్సుకు టైమైందని.

అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? నాకు గుర్తుంది. "నీ చేత్తోనే విప్పాలక్కా. అందుకే నేను ముట్టుకోలేదు" అన్నావు. నేను నీ తల నిమిరాను. ఎదిగిన మగాడివి, వీధిలో అందరూ చూస్తుంటే నిమిరాను. నువ్వు తల వంచుకున్నావు. సిగ్గుపడుతున్నావనుకున్నాను.

మర్నాడు పొద్దున నలుగురినీ పిలిచి విప్పాను. ఎందుకు పిలిచానో తర్వాత చెబుతాను. పిన్ని వచ్చింది, సాన బాబాయి వచ్చాడు, అమ్మ కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చుంది. నేను బ్లేడుతో టేపు కోసి, అట్టలు తీసి, నూనె కాగితం విప్పాను. చిత్రిక రెండు ముక్కలై ఉంది. పోత ఇనుము కదా, సాగదు, వంగదు, పడితే పగలడమే. సరిగ్గా ఉలి దిగే నోటి దగ్గర అడ్డంగా విరిగింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యయ్యో, ఇదేం పాపం" అంది. ఆ "అయ్యయ్యో" గురించి కూడా తర్వాత చెబుతాను.

నాకు ఒళ్లు మండిపోయింది. కంపెనీకి ఫోన్ చేశాను. కంపెనీకి ఫోన్ చేయడమంటే ఏమిటో నీకు తెలియదు. ముందొక ఆడగొంతు ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది. నొక్కాను. పాట పెట్టారు. ఆ పాట వింటూ ఒక కుర్చీ కాలు మొత్తం చెక్కేశాను. చివరికి ఒకతను వచ్చి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్" అన్నాడు.

"చింతించడం తర్వాత, ముందు చిత్రిక పంపు నాయనా" అన్నాను.

"పెట్టె విప్పేటప్పుడు వీడియో తీశారా మేడమ్?"

"అదేమన్నా పెళ్లా, వీడియో తీయడానికి?"

"వీడియో ఉంటే వెంటనే మార్చి ఇచ్చేవాళ్లం మేడమ్. లేదు కాబట్టి ఫోటోలు పంపండి. మా వాళ్లు పరిశీలిస్తారు."

పంపాను. పై నుంచి, కింది నుంచి, పక్క నుంచి. పరిశీలిస్తున్నామన్నారు. మళ్లీ చేశాను, ఇంకొకరు వచ్చారు, కథంతా మొదటి నుంచి చెప్పమన్నారు. చేసిన ప్రతిసారీ కొత్త మనిషే. అందరికీ నేర్పించింది ఆ ఒక్క చింతే. పెట్టె దారిలో ఎవరైనా విసిరేశారా అని ఒకడు అడిగాడు. అడిగాడో లేదో, నా నాలుక దానంతటదే లేచింది.

ఈలాయన తెలుసు కదా, మన వీధికి పార్సిళ్లు తెచ్చే నడివయసు మనిషి. మలుపులో ఈల వినిపిస్తే అమ్మ తలుపు తీసి నిలబడేది. ఆయన ఒకసారి పిన్ని గుడ్డల మూటను గేటు మీదుగా లోపలికి విసరడం నేను చూశాను. గుడ్డలకేమవుతుంది? అయినా అది నా మనసులో ఉండిపోయింది. "విసిరాడు. నా కళ్లతో చూశాను, ఆయనకది అలవాటే" అన్నాను. చూసింది గుడ్డల మూట, చెప్పింది చిత్రిక సంగతి. రాసి పంపమన్నారు, రాసి పంపాను. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఈ ఉత్తరం దాని ముందు లాలిపాట.

తర్వాత మన వీధికి వేరే మనిషి వస్తున్నాడు. ఈల వేయడు. బెల్లు కొట్టి, సంతకం పెట్టించుకుని పోతాడు. ఈలాయనేడని అడిగితే, "తీసేశారు మేడమ్, కంప్లైంట్ వచ్చిందట" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించింది. అదే నాకిప్పుడు మింగుడు పడటం లేదు.

తర్వాత కొన్నాళ్లకు కంపెనీ నుంచి వాళ్లే ఫోన్ చేశారు. ఈసారి ఒక అమ్మాయి. గొంతు మెత్తగా, నీళ్లు తాగి మొదలుపెట్టినట్టు ఉంది. "అమ్మా, మీరు కోప్పడనంటే ఒక మాట చెబుతాను" అంది.

"కోప్పడతాను. చెప్పు."

"ఈ వస్తువు మార్చి ఇవ్వడం కుదరదమ్మా. వాడిన వస్తువని రాశారు పైవాళ్లు."

"వాడానా? విరిగినదాన్ని నేనెలా వాడతానమ్మా? నీకసలు చిత్రికంటే ఏమిటో తెలుసా?"

"తెలియదమ్మా. నేనెప్పుడూ చూడలేదు. అందుకే మీ ఫోటో పెద్దది చేసి, అటూ ఇటూ తిప్పి చూశాను. ఆ సందులో, బ్లేడు కింద, ఎర్రగా ఒక చుట్ట ఉంది. అదేమిటో నాకు అర్థం కాలేదు. పక్క సీటు అమ్మాయి వాళ్ల నాన్న వడ్రంగట, ఆయన్ని అడిగితే, చెక్క కోస్తే వచ్చే పొర అన్నారు. కొత్తదాంట్లో అది ఎలా వస్తుందమ్మా?"

ఆ అమ్మాయిని నేను అనకూడని మాటలన్నాను. నా కష్టం తిని నన్నే దొంగను చేస్తారా అన్నాను. మా కొట్లో పొరలు గాలికి ఎగురుతుంటాయి, ఒకటి వచ్చి పడి ఉంటుంది, అది కూడా తెలియదా అన్నాను. తను మాత్రం, "ఒక్కసారి చూడండమ్మా" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

పెట్టేసి, చూశాను.

నువ్వూ నేనూ చెక్కపొరల్లో పుట్టి పెరిగినవాళ్లం. జుట్టులో పొర, కాఫీ గ్లాసులో పొర, మంచం మీద పొర. మన కంటికి పొర ఆనదురా. అన్నాళ్లుగా ఆ ముక్కలు నా ముందే ఉన్నాయి, ఫోటోలు తీసింది నేనే, ఆ పొర నా కంటపడలేదు. జన్మలో చిత్రిక చూడని పిల్లకు కనపడింది.

ముల్లు తీసే పట్టకారుతో లాగాను. గాలికి వచ్చి పడింది కాదు. ఉలికీ అడుగు ఇనుముకీ మధ్య నొక్కుకుపోయి ఉంది. ఉల్లిపొరంత పల్చన, తెగకుండా చుట్టలు తిరిగిన పొర. అంత పల్చన పొర తీసే చెయ్యి మన వీధిలో రెండే రెండు. ఒకటి నాది. రంగు ఎర్రగా ఉంది. డాక్టరమ్మ టేకు పసుపు. మన కొట్లో ఎర్ర చెక్క ఒక్కటే ఉంది, అది నాన్న బీరువా వెనక నిలబెట్టిన పలక.

ఒరేయ్, ఆ బీరువా జరపడానికి నాకు చేతులు రాలేదు. జరిపితే తెలిసిపోతుందని తెలుసు. అయినా జరిపాను. నాన్న పలకలో చివర మూరెడు ముక్క లేదు. రంపపు కోత తిన్నగా, అంచు చిట్లకుండా ఉంది. నేనే నీకు నేర్పాను, చివరికొచ్చేటప్పుడు కింద చెయ్యి పెట్టి కొయ్యాలని. నేను చెప్పింది బాగానే గుర్తుంచుకున్నావు.

అమ్మ దగ్గరికి వెళ్లి పొర చూపించాను. ఏమీ అడగలేదు, చూపించానంతే. అమ్మ పొరను చూసింది, నా మొహం చూసింది, వత్తుల పెట్టె ముందేసుకుని వత్తులు సర్దడం మొదలుపెట్టింది. తేలు కుట్టిన దొంగ అలాగే ఉంటాడు కాబోలు.

"అమ్మా, వాడేనా?"

"నాతో ఒట్టు వేయించుకున్నాడే."

"ఒట్టు సరే. వాడేనా?"

అప్పుడు చెప్పింది. నువ్వు వెళ్లింది రెండు నెలల తలుపుల పనికి కాదని, బల్లలూ మంచాలూ మిషన్ల మీద చేసి పెట్టెల్లో పెట్టి అమ్మే ఆ పెద్ద ఫ్యాక్టరీలో శాశ్వతంగా చేరడానికని. వాళ్లు చేతిపని నమూనా ఒకటి తెమ్మన్నారట. అద్దంలా మెరిసే ముక్క ఒకటి పట్టుకెళితే పెద్ద పనిలో పెట్టుకుంటారని ఎవరో చెప్పారట. అందుకని నాన్న పలక కోశావు. అందుకని నా పెట్టె విప్పావు. సగం పని అయ్యాక చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడిందట. అమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ముక్కలు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నావట. తర్వాత కళ్లు తుడుచుకుని, వీధి చివర కొట్టుకెళ్లి అదే రంగు టేపు కొనుక్కొచ్చి, ముక్కల్ని నూనె కాగితంలో చుట్టి మళ్లీ అతికించావట. "కంపెనీవాళ్లు పెద్దవాళ్లమ్మా, అక్క గట్టిగా అడిగితే కొత్తది ఇచ్చేస్తారు, ఎవరికీ నష్టం లేదు" అన్నావట.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి వల్ల కానిది ఒక ఫోన్ పిల్ల పట్టేసింది.

"మరి ఇన్నాళ్లూ నేను వీధిలో పడి అరుస్తుంటే చూస్తూ కూర్చున్నావా?" అని అమ్మను అడిగాను. "విప్పిన రోజు అయ్యయ్యో అన్నావు కదే! నీకు ముందే తెలిసి అన్నావా?"

"నీతో చెప్పాలంటే భయమే నాకు. వాడికీ భయమే."

"నేనేమన్నా పులినా?"

"పులయితే కడుపు నిండాక ఊరుకుంటుంది" అంది అమ్మ.

నాకు నవ్వొచ్చింది, తమ్ముడూ. నిజంగా నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. అమ్మ లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసెయ్యమన్నాను. ఇప్పటికీ మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. వడ్డిస్తుంది, తింటాను. మోకాళ్లకు నూనె రాస్తాను, రాయించుకుంటుంది. అంతే.

చిత్రిక విరిగినందుకు కాదురా నా బాధ. ఇనుము, జారింది, విరిగింది. నా చేతిలోంచి ఎన్ని జారలేదు? ఫ్యాక్టరీలో చేరినందుకూ కాదు, నీ బతుకు నీది. "అందుకే నేను ముట్టుకోలేదు" అన్నావే, అది నన్ను చంపుతోంది. విరిగిపోయిందని చెప్పడానికి భయం, సరే. నోరు మూసుకుని బస్సెక్కితే సరిపోయేది కదా. నన్ను ప్రేమిస్తున్నట్టు ఒక అబద్ధం ఎందుకు తయారు చేశావు? అంత నున్నటి అబద్ధం! ఎక్కడా చెయ్యి గరుకు తగలకుండా చిత్రిక పట్టి మరీ ఇచ్చావు. నేను ఆ మాట వీధంతా పంచిపెట్టాను. ఇప్పుడు అందరి దగ్గర నుంచీ వెనక్కి ఎలా తీసుకోను?

మర్నాడు ఈలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రైలు గేటు దాటాక రేకుల ఇళ్ల వరస ఉంటుంది, అక్కడ. ఆయన గుమ్మంలో కూర్చుని సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అదే నాకు చెప్పుతో కొట్టినట్టయింది. నేను రాసినదంతా ఆయన్ను నిలబెట్టి చదివి వినిపించారట. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నీ సంగతితో సహా. పరువు కోసం నిన్ను దాచలేదు, దాచే ఉద్దేశం కూడా లేదు.

అంతా విని, "పోనీలెండమ్మా" అన్నాడు. ఆ "పోనీలెండి" నేను మోయలేకపోయాను. "నన్ను క్షమించండి" అన్నాను.

"క్షమాపణ నాకొద్దమ్మా" అన్నాడు. గొంతు తగ్గించాడు. "మా ఆవిడ లోపలుంది. నేను విసిరే ఉంటానని తనూ అనుకుంటోంది. ఎంత చెప్పినా నమ్మట్లేదు. కంపెనీ నమ్మకపోతే పోనీ, ఆవిడ కూడా నమ్మట్లేదమ్మా. మీ గొంతు పెద్దది కదా. తనకు వినపడేలా ఒక్కసారి చెప్పండి."

నా గొంతు పెద్దదని పుట్టిన దగ్గర నుంచీ అందరూ ఏడ్చేవాళ్లే. మొదటిసారి ఒక మనిషి అది కావాలని అడిగాడు. వీధి మధ్యకు వెళ్లి నిలబడి అరిచాను. "ఈయన నా పెట్టె విసరలేదు! పెట్టె భద్రంగా నా ఇంటికి వచ్చింది! విరిచింది నా తమ్ముడు! అబద్ధం రాసింది నేను!" అని. పక్క ఇళ్లవాళ్లు బయటికొచ్చారు. ఆవిడ కూడా వచ్చింది, చేతులకు సబ్బు నురగతో. నా వంక చూడలేదు. ఆయన వంకే చూసింది. ఆయన మళ్లీ సైకిల్ గొలుసు దగ్గర కూర్చున్నాడు. ఆవిడ మెల్లగా వెళ్లి పక్కన కూర్చుంది. నేను వచ్చేశాను.

కంపెనీకి కూడా ఫోన్ చేశాను. పాటంతా విని, ఆ అమ్మాయే కావాలని పట్టుబట్టాను. దొరికింది. తప్పు మా ఇంట్లో జరిగింది, మీది కాదు, ఈలాయనది అంతకన్నా కాదు, ఆయన్ను మళ్లీ తీసుకోండి అన్నాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. అవతల ఏదో వెతుకుతున్నట్టు టకటక చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఇక్కడ ఫోన్ ఎందుకు చేశారో ఒకటి ఎంచుకుని నొక్కాలి" అంది. "విరిగింది అని ఉంది, రాలేదు అని ఉంది, రంగు మారింది అని ఉంది. తప్పు మాదే అని చెప్పడానికి చేశారని ఎక్కడా లేదమ్మా. ఏం నొక్కాలో తెలియట్లేదు."

"ఏదో ఒకటి నొక్కమ్మా, ఆయన ఉద్యోగం ఆయనకొస్తే చాలు" అన్నాను. పైవాళ్లకు రాస్తానంది. ఇప్పటికైతే ఆయన ఎక్కడో మూటలు మోస్తున్నాడు. మన వీధిలో ఇంకా బెల్లే మోగుతోంది.

ఇప్పుడు, విప్పే రోజు నలుగురినీ ఎందుకు పిలిచానో చెబుతాను. చెప్పకూడదనే అనుకున్నాను. ఇన్ని పేజీలు రాశాక కూడా ఈ మాట దగ్గర కలం ఆగుతోంది. కానీ నువ్వు నా దగ్గర దాచావు, నేనూ నీ దగ్గర దాస్తే ఇద్దరికీ తేడా ఏముంది?

ఆ చిత్రిక నాకోసం కొనలేదురా. నీకోసం.

గోడ మీద బొమ్మ అంటించింది నువ్వు. కావాలన్నది నువ్వు. నాకు నాన్న చెక్క చిత్రిక చాలు, దాని వంకరలన్నీ నా చేతికి తెలుసు. డాక్టరమ్మ బల్ల పలకలు నువ్వే కలపాలని, ఆ పనితో నువ్వు నా కింద పనివాడివి కాదు, నా సాటి మేస్త్రీవని నలుగురి ముందూ చెప్పాలని అనుకున్నాను. నువ్వు ఊరెళతానంటే, పోనీ, నువ్వు లేకుండానే విప్పి, పిడి మీద నీ పేరు చెక్కి ఉంచి, రాగానే చేతిలో పెడదామనుకున్నాను. అందుకు సన్న ఉలి ఒకటి సాన బాబాయి దగ్గర పదును పెట్టించాను. ఆయనకు తెలుసు, పిన్నికి తెలుసు. అందుకే వచ్చారు. నీకూ అమ్మకూ మాత్రమే తెలియదు, మీ ఇద్దరి కడుపులో మాట ఆగదని చెప్పలేదు. చూడు, ఎంత బాగా ఆగిందో.

నీ వస్తువునే నువ్వు దొంగతనంగా విప్పావు. ఒక్క పూట ఆగి ఉంటే నీ చేతికే ఇచ్చేదాన్ని. "అక్కా, విరిగింది" అని ఆ సాయంత్రం చెప్పి ఉంటే అరిచేదాన్ని, వీధి మొత్తం దద్దరిల్లేలా అరిచేదాన్ని, అరిచి అరిచి చివరికి, "నీదే కదరా, పోనీ" అనేదాన్ని. ఆ మాట అనే అవకాశం నాకు లేకుండా చేశావు.

డాక్టరమ్మ బల్ల ఎలాగో పూర్తి చేస్తాను. సందు మీద సన్న పట్టీ వేస్తానని చెప్పాను, సరేనంది. చూసేవాళ్లకు బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ పట్టీ కింద ఏముందో తెలుసు.

నువ్వు నిలబడి పని చేసే బల్ల ఖాళీగానే ఉంది. నీ మీద ప్రేమతో ఉంచాననుకోకు, సరైన మనిషి దొరకలేదు. ఇంకెప్పుడైనా ఆ బల్ల ముందు నిలబడాలనుకుంటే దారి ఒక్కటే. బస్సు దిగి తిన్నగా నా దగ్గరికి రాకు. రైలు గేటు దాటి రేకుల ఇళ్ల వరసకు వెళ్లు. ఈలాయన ముందూ ఆయన భార్య ముందూ నిలబడి, నేను అరిచి చెప్పిందే నీ నోటితో చెప్పు. నీ గొంతు చిన్నది, ఫరవాలేదు. దగ్గరగా నిలబడితే వినపడుతుంది. ఆ తర్వాత ఇంటికి రావాలో వద్దో నీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె పంపుతున్నాను. చిత్రిక రెండు ముక్కలూ అందులో ఉన్నాయి. చుట్టూ మన కొట్టు పొరలు దట్టంగా కుక్కాను, దారిలో ఎవడు ఎంత విసిరినా ఏమీ కాదు. ఎర్ర పొర మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. పిడి మీద నీ పేరు చెక్కాను. చెక్కుతానని అనుకున్నాను కాబట్టి చెక్కాను.

విప్పేటప్పుడు వీడియో తీసుకో. వచ్చినప్పుడే విరిగి ఉందని రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే పనికొస్తుంది. తిరిగి మాత్రం పంపకు. ఇక్కడ వాపసు తీసుకునేవాళ్లు లేరు. నీ అసౌకర్యానికి చింతిస్తున్నాను.

ఇట్లు,
నువ్వు ముట్టుకోలేదంటే నమ్మిన
మీ అక్క